న్యూట్రల్‌లో కరెంట్ ఉందంటే నవ్వారట!

ప్రశ్న: నమస్తే సార్. నాకు 24 ఏండ్లు. సర్కారు పాలిటెక్నిక్‌లో ఈఈఈ (ఎలక్ట్రికల్ బ్రాంచి) డిప్లొమా చేసి, జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో మూడేండ్ల నుంచి ఎలక్ట్రికల్ టెక్నీషియన్‌గా చేస్తున్నా. మొదటి ఏడాది కాంట్రాక్టర్ కింద, తర్వాత కంపెనీ రోల్స్ మీద. ఉండేది షాపూర్‌నగర్. నాన్న ఆటో నడుపుతడు, చెల్లె డిగ్రీ ఆఖరి సంవత్సరం. సగం ఇల్లు నా జీతం మీదనే నడుస్తది. నాకు ఇంజనీర్ కావాలని ఉంది. ఫ్రెండ్స్ ఏమో ఈసెట్ (డిప్లొమా వాళ్ల ఎంట్రెన్స్) రాసి, ఉద్యోగం మానేసి బీటెక్‌లో చేరమంటున్నరు. మా ఫోర్‌మన్ "ఏఎంఐఈ కట్టు, ఇంట్ల కూసొని ఇంజనీర్ అయితవు" అంటడు. అది కాలేజీకి పోకుండ ఇంజనీర్ల సంస్థ పెట్టే పరీక్షలు రాసుడు. ఇంకొకాయన డిస్టెన్స్‌లో బీటెక్ ఇప్పిస్తనని ఫీజు కూడా చెప్పిండు. లెక్కలంటే నాకు భయం. డిప్లొమాలో మ్యాథ్స్ రెండోసారికి పాసయిన.

ఇంకోటి. ఆర్నెల్ల కింద మా డిపార్ట్‌మెంట్‌కు కొత్త బీటెక్ ఇంజనీర్ వచ్చిండు. నాకన్నా రెండేండ్లు చిన్న. మోటారును ఆన్, ఆఫ్ చేసే కాంటాక్టర్ విప్పుడు కూడా రాదు. మమ్మల్ని పేరు పెట్టి పిలవడు, "ఏయ్ ఎలక్ట్రీషియన్" అంటడు. మొన్న అడ్మిన్ బ్లాక్ ప్యానెల్ కాడ న్యూట్రల్‌కు (కరెంట్ తిరిగిపోయే తీగకు) క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టించి కరెంట్ కొలిచేది) పెట్టి, "మూడు ఫేజుల లోడు సమానంగనే ఉంది కదా, న్యూట్రల్‌లో ఇంత కరెంట్ ఎందుకుంది?" అని అడిగిండు. మేమంతా నవ్వినం. ఇట్లాంటోళ్లు ఇంజనీర్లు, మేం టూల్ బ్యాగ్ మోసేటోళ్లం. నేను చేసిన మూడేండ్ల పని ఇంజనీరింగ్‌ల దేనికన్నా పనికొస్తదా సార్? ఉద్యోగం మానెయ్యాల్నా?

(పేరు వద్దన్న పాఠకుడు, షాపూర్‌నగర్)

జవాబు: మా పెద్దోడు నీకన్నా రెండేళ్లు పెద్ద. అందుకని 'మీరు' అనకుండా 'నువ్వు' అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ న్యూట్రల్ సంగతి చూద్దాం. నువ్వు దాన్ని ఉత్తరం చివర్లో కోపంతో రాశావు గానీ, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది అదే. ఆ అబ్బాయి అడిగింది మంచి ప్రశ్న. అందులో నవ్వడానికి ఏమీ లేదు.

మూడు ఫేజుల్లో లోడు సమానంగా ఉంటే, 120 డిగ్రీల ఎడంలో ఉన్న మూడు కరెంట్లూ న్యూట్రల్ దగ్గర కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. అక్కడ మీటరు దాదాపు సున్నా చూపాలి. హీటర్లు, పాతకాలపు బల్బులు ఉన్నచోట అలాగే చూపుతుంది. మీ అడ్మిన్ బ్లాక్‌లో ఉన్నవేమిటి? కంప్యూటర్లు, ఎల్‌ఈడీ లైట్లు, యూపీఎస్‌లు. ఇవి కరెంట్‌ను సాఫీగా తీసుకోవు. వోల్టేజీ శిఖరం దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క గుక్కలో తాగి ఊరుకుంటాయి. అలా తాగిన కరెంట్‌లో మన 50 హెర్ట్జ్‌తో పాటు దానికి మూడు రెట్లు, అంటే 150 హెర్ట్జ్ కూడా ఉంటుంది. ఇప్పుడు 120ని మూడుతో గుణించు. 360 వస్తుంది, అంటే ఒక పూర్తి చుట్టు. అందువల్ల మూడు ఫేజుల్లోని 150 హెర్ట్జ్ కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, న్యూట్రల్‌లో ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. లోడు సమానంగా ఉన్నా అంతే. కొన్నిచోట్ల న్యూట్రల్ కరెంట్ ఫేజు కరెంట్‌ను మించిపోతుంది కూడా. ఫేజులకైతే ఎంసీబీ ఉంటుంది, ఎక్కువైతే ట్రిప్ అవుతుంది. న్యూట్రల్‌ను కాపాడే నాథుడు చాలా ప్యానెళ్లలో ఉండడు. దాని లగ్ (తీగ చివర బిగించే లోహపు ముక్క) మెల్లగా వేడెక్కి, నల్లబడి, ఒకనాడు ఊడిందంటే 230 వోల్టుల మీద నడవాల్సిన సామానులో కొన్నిటికి 300, 350 పోతుంది. అప్పుడు అడ్మిన్ బ్లాకులో కాలిపోయిన కంప్యూటర్లను లెక్కపెట్టేది మీరే.

అతనికి కాంటాక్టర్ విప్పడం రాదన్నావు. నిజమే అయ్యుండవచ్చు. అది నువ్వు వారం రోజుల్లో నేర్పగలవు. అతను వేసిన ప్రశ్నకు జవాబు చెప్పే స్థితికి నువ్వు రావాలంటే మూడేళ్లు పడుతుంది. ఇది నిన్ను చిన్నబుచ్చడానికి అనడం లేదు, నువ్వు కొనబోతున్న సరుకు ధర ఇదీ అని చెబుతున్నాను. ఇక పేరు పెట్టి పిలవకపోవడం తప్పే. టీ తాగేటప్పుడు పక్కకు పిలిచి "సార్, నా పేరు ఫలానా" అని ఒక్కసారి చెప్పు, నలుగురి ముందు వద్దు. ఇరవై రెండేళ్ల పిల్లాడు, ముప్పై మంది అనుభవజ్ఞుల మధ్య పడ్డాడు. ఆ "ఏయ్"లో గర్వం కన్నా బెదురే ఎక్కువ ఉంటుందని నా అనుమానం.

నీ మూడేళ్ల పని పనికొస్తుందా అని అడిగావు. దానికి నా గతం ఒకటి చెప్పాలి.

1991లో నేను బాలానగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌ను. మోటారును ముందు స్టార్ కలపడంలో మొదలుపెట్టి, తర్వాత డెల్టాకు మార్చే స్టార్-డెల్టా స్టార్టర్ వైరింగ్ కళ్లకు గంతలు కట్టినా చేస్తానని పేరు. ఒకరోజు 25 హెచ్‌పీ బ్లోయర్ మోటారుకు కొత్త స్టార్టర్ బిగించాను. నేమ్‌ప్లేట్ మీద 35 ఆంపియర్లని ఉంది. కరెంట్ మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేను ముచ్చటగా 35 మీద పెట్టి చేతులు దులుపుకున్నాను. రెండు నెలలు బాగానే తిరిగింది. తర్వాత బేరింగ్ బిగుసుకుని లోడు పెరిగింది. రిలే ఉలకలేదు, పలకలేదు, మోటారు పొగలు కక్కింది. రీవైండింగ్ డబ్బులు నా జీతంలోంచి మూడు నెలలు కోశారు.

తప్పెక్కడుందో అప్పట్లో నాకు చెప్పినవాళ్లు లేరు. ఆ స్టార్టర్‌లో రిలే ఉండేది లైన్‌లో కాదు, వైండింగ్ దారిలో. డెల్టాలో తిరిగేటప్పుడు వైండింగ్‌లో పోయే కరెంట్, లైన్ కరెంట్‌ను 1.732తో భాగించినంత. 35ను భాగిస్తే 20. నేను 20 దగ్గర పెట్టాల్సిన రిలేను 35 దగ్గర పెట్టాను. అంటే లైన్‌లో 60 ఆంపియర్లు పోతున్నా దానికి చీమ కుట్టినట్టు ఉండదు. ఏ వైరు ఎక్కడ పెట్టాలో నా చేతికి తెలుసు. రిలేను ఏ అంకె మీద పెట్టాలో తెలియలేదు. ఆ 1.732 మూడుకు వర్గమూలమని, అది ఫేజుల మధ్య ఉన్న 120 డిగ్రీల నుంచే పుట్టిందని తెలిసేసరికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది. కానీ తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం, నాతో పాటు క్లాసులో కూర్చున్న ఎవరికీ కలగలేదు. వాళ్లకది పుస్తకంలో ఒక లైను. నాకు కాలిన మోటారు వాసన.

కాబట్టి పనికొస్తుంది. కానీ దానంతట అది రాదు. చేసిన పనికి అంకె కట్టుకున్నవాడికే వస్తుంది. మెయింటెనెన్స్‌లో ఇరవై ఏళ్లు చేసి కూడా ఓవర్‌లోడ్‌ను "కొంచెం పెంచు" అనేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక దారుల సంగతి. మీ ఫోర్‌మన్‌ను తిట్టుకోకు, ఆయన చెప్పింది ఆయన కాలానికి నిజం. నేను వచ్చింది ఆ దారిలోనే. ఖైరతాబాద్ చౌరస్తాలో విశ్వేశ్వరయ్య విగ్రహం దగ్గర ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ భవనం ఉంది చూడు, ఆదివారాలు నా బతుకంతా అక్కడే గడిచింది. సెక్షన్-ఎ, సెక్షన్-బి అని రెండు దశలు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. ఏడేళ్లు పట్టింది నాకు. ఆ రోజుల్లో ఏఎంఐఈని ఉద్యోగాలకు బీఈతో సమానంగా చూసేవారు. ఇప్పుడలా కాదు. 2013 మే 31 లోపు పేరు నమోదు చేసుకున్నవారికే కేంద్ర ప్రభుత్వం ఆ సమానత్వం ఉంచింది. ఇవాళ చేరితే చదువు వస్తుందేమో గానీ, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) నోటిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టడానికి ఆ పట్టా అక్కరకు రాదు.

డిస్టెన్స్ బీటెక్ మనిషికి దండం పెట్టి పంపించెయ్యి. ఇంజనీరింగ్ డిగ్రీని దూరవిద్యలో ఇవ్వడానికి అనుమతి లేదు. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఆమోదం లేకుండా అలా ఇచ్చిన డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, వాటిని చూపి ఉద్యోగాలు, ప్రమోషన్లు తెచ్చుకున్నవాళ్లు ఎంత అవస్థ పడ్డారో నేను కళ్లారా చూశాను. "క్లాసుకు రాకపోయినా హాజరు మేం చూసుకుంటాం" అనే కాలేజీ కూడా ఆ బాపతే. పట్టా వస్తుంది, చదువు రాదు. ఆర్నెల్లకు నీ కింద పనిచేసే కుర్రాళ్లు నీ ప్రశ్నలకు కూడా నవ్వుతారు.

మిగిలినవి రెండు. ఈసెట్ రాసి పగటి కాలేజీలో నేరుగా రెండో ఏడాదిలో చేరడం ఒకటి. 2023-24 నుంచి ఏఐసీటీఈ అనుమతించిన, ఉద్యోగస్తుల బీటెక్ రెండోది. ఇందులోనూ డిప్లొమా వాళ్లను రెండో ఏటికే తీసుకుంటారు, తరగతుల వేళలు ఉద్యోగానికి అనువుగా పెడతారు, కనీసం ఏడాది అనుభవం అడుగుతారు. పనిచేసే చోటికీ కాలేజీకీ మధ్య దూరం మీద కూడా షరతు ఉంది. నా ఓటు దీనికే. కానీ ఫీజు అడిగే ముందు "ఈఈఈ ఉందా?" అని అడుగు. ఉద్యోగస్తుల బ్యాచ్ అని బోర్డు పెట్టినంత మాత్రాన మన బ్రాంచి ఉందని కాదు. తర్వాత ఈ ఏటి ఏఐసీటీఈ అనుమతి పత్రం చూపించమను, అందులో ఆ కోర్సు పేరు, సీట్ల సంఖ్య ఉంటాయి. ప్రవేశం ఎలా ఇస్తారో, ప్రాక్టికల్స్ ఏ రోజున పెడతారో కూడా అప్పుడే తేల్చుకో. కాలేజీ చూపించడానికి నసిగితే బయటికి వచ్చెయ్యి.

నీ దగ్గర కాగితాలు సరిగ్గా ఉన్నాయా? కాంట్రాక్టర్ కింద చేసిన మొదటి ఏడాదికి అనుభవ పత్రం ఇవ్వడం చాలామంది కాంట్రాక్టర్లకు చేతకాదు. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఆ నెలలు పడ్డాయేమో చూసుకో. పడితే అదే సాక్ష్యం. కంపెనీ రోల్స్ మీద ఉన్న రెండేళ్లకు హెచ్‌ఆర్ నుంచి లెటర్ ఇప్పుడే తీసుకో. మేనేజర్ మారితే మళ్లీ మొదటికొస్తుంది.

ఉద్యోగం మానెయ్యవద్దనే నా సలహా, కనీసం చెల్లి చదువు ఒడ్డెక్కేదాకా. ఒక్క సందర్భంలో మాత్రం మాట మారుస్తాను. ఈసెట్‌లో మంచి ర్యాంకు వచ్చి యూనివర్సిటీ కాలేజీలోనే సీటు వస్తే, ఒక సాయంత్రం నాన్నతో కూర్చుని మూడేళ్ల ఇంటి ఖర్చు కాగితం మీద వేసి చూడండి. ఆయన ఆటో ఈఎంఐ, అద్దె, చెల్లి ఫీజు, అన్నీ. "ఎట్లనో అట్ల అయితది" అనే ధైర్యం మీద మాత్రం రాజీనామా రాయవద్దు. పగటి కాలేజీలో 75 శాతం హాజరు కావాలి, షిఫ్టు ఉద్యోగంతో అది కుదిరే పని కాదు.

ఈసెట్‌కు ఎలాగూ చదువు, చేరేది ఎక్కడైనా. 200 మార్కుల్లో 100 మన బ్రాంచివే, మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. మెషీన్స్‌లో నువ్వు నిలబడతావు. పడేది మ్యాథ్స్‌లో.

ఆ భయం గురించి రెండు మాటలు. నీకు లెక్కలు రావని నేననుకోను. నీకెవరూ దేనికోసమో చెప్పకుండా లెక్కలు నేర్పారు, అంతే. కాంప్లెక్స్ నంబర్స్‌తో మొదలుపెట్టు, మిగతావి ఆగుతాయి. మోటారు ఎదురు దిక్కుకు తిరిగితే రెండు ఫేజులు మార్చి కలుపుతావు కదా, ఎందుకు మారుతుందో ఆ పాఠంలో కనిపిస్తుంది. ఆ తర్వాత పవర్ ఫ్యాక్టర్, అంటే తీసుకున్న దానిలో పనికొచ్చే వాటా. మీ కంపెనీ హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ బిల్లు కాపీ ఒకటి అడిగి తీసుకో. అందులో కేవీఏ, కేవీఏహెచ్, పవర్ ఫ్యాక్టర్ అని ఉన్న గడులన్నీ నీ సిలబస్సే.

ఉదాహరణకు ఒక ఫీడరులో 415 వోల్టులు, 100 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.7 ఉందనుకో. 1.732, 415, 100 గుణిస్తే దాదాపు 72 కేవీఏ. దాన్ని 0.7తో గుణిస్తే 50 కిలోవాట్లు. పని జరిగేది 50తో, కేబుల్ మోసేది 72. దాన్ని 0.95కు తేవాలంటే ఎంత కెపాసిటర్ కావాలి? 0.7కు, 0.95కు సరిపోయే రెండు కోణాల టాన్ విలువలు 1.02, 0.33. వాటి తేడాను 50తో గుణించు, 35 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలిచేది) వస్తుంది. అది కలిపాక అదే పనికి కేబుల్‌లో పోయేది 74 ఆంపియర్లే. పదో తరగతిలో "ఈ టాన్ ఎందుకురా" అనుకున్నావే, కెపాసిటర్ ప్యానెల్ కొనడానికి. ఒక నోటుబుక్కు పెట్టుకుని, డ్యూటీలో చేసిన ఒక్కో పనికి ఇలాంటి లెక్క ఒకటి రాయి. రోజూ అక్కర్లేదు, వారానికి రెండు చాలు. పుస్తకాలకు డబ్బులు తగలెయ్యకు, ఆదివారం కోఠి ఫుట్‌పాత్ మీద చూడు. ఐఐటీల ఎన్‌పీటెల్ వీడియో పాఠాలు ఉచితం. ఇంగ్లిష్ వేగం అందకపోతే తగ్గించి విను, నేనైతే ఇప్పటికీ తగ్గించే వింటాను.

షిఫ్టుల విషయం తేల్చకుండా ఎక్కడా ఫీజు కట్టకు. సాయంత్రం క్లాసులైతే నీకు అడ్డొచ్చేది రెండు నుంచి పదింటి దాకా ఉండే షిఫ్టు. ఆ వారం డ్యూటీని ఇంకొకరితో మార్చుకోవాలి. పెళ్లయి చిన్నపిల్లలున్న వాళ్లలో ఎవరో ఒకరు నైట్ తప్పించుకోవాలని చూస్తుంటారు, వాళ్ల నైట్ నువ్వు తీసుకుని నీ షిఫ్టు వాళ్లకివ్వు, వాళ్లే నీ దిక్కు. నోటిమాటగా కాకుండా మెయింటెనెన్స్ మేనేజర్‌తో మూడు నెలలకు రోస్టర్ మీద రాయించుకో. "చదువుకుంటాడు, రేపు వెళ్లిపోతాడు" అని భయపడే మేనేజర్లు ఉంటారు. ఆయనకు నీ చదువు వల్ల కంపెనీకి వచ్చేది చెప్పు. ఆ 35 కేవీఏఆర్ లెక్కలాంటిది ఒకటి చూపించు.

నిద్ర గురించి మాత్రం కఠినంగా చెబుతాను. నైట్ చేసి, పగలు రెండు గంటలు కునుకు తీసి, సాయంత్రం క్లాసుకు పోయి, మళ్లీ నైట్‌కు వచ్చినవాడు ఓపెన్ ప్యానెల్ ముందు నిలబడకూడదు. నేను నిలబడ్డాను. పరీక్షల వారం, తెల్లారుజామున నాలుగింటికి ఫీడర్ ఆపామనుకుని బస్‌బార్ (ప్యానెల్‌లో కరెంట్ మోసే లోహపు పట్టీ) మీద చెయ్యి పెట్టబోయాను. టెస్టర్ వెలగలేదు కదా అని ధీమా. టెస్టరే పోయింది. పక్కనున్న హెల్పర్ మొదట లైటు స్విచ్‌బోర్డులో పెట్టి చూడమన్నాడు, అక్కడా వెలగలేదు. ఆ హెల్పర్ పేరు చెప్పుకోని రోజు లేదు మా ఇంట్లో. కరెంట్ ఉన్నచోట టెస్టర్ వెలుగుతుందని చూసుకున్నాకే, లేనిచోట పెట్టు. పరీక్షల వారంలో ఒంటరిగా ప్యానెల్ పని తీసుకోకు, సెలవు పెట్టు. జీతం పోతే పోనీ. పని అయ్యేదాకా స్విచ్ ఎవరూ వెయ్యకుండా బిగించే లాకవుట్ తాళంచెవి నీ జేబులోనే ఉండాలి, ఫోర్‌మన్ జేబులో కాదు.

ఇంకా ఒకటుంది, చాలామంది మరిచిపోయేది. బీటెక్ అయ్యేదాకా ఆగనక్కర్లేకుండా, డిప్లొమా, అనుభవం చూపి ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ పరిధిలోని లైసెన్సింగ్ బోర్డు ఇస్తుంది, ఏయే కాగితాలు కావాలో అక్కడే కనుక్కో. విద్యుత్ సంస్థలో సబ్ ఇంజనీర్ పోస్టుకు కూడా నీ డిప్లొమా చాలు. నోటిఫికేషన్ వస్తే రాయి, చదువు పాడవుతుందని వదలకు. దానిదీ ఈసెట్‌లో మన బ్రాంచిదీ సిలబస్ చాలావరకు ఒకటే.

చివరగా నీకొక పని. సోమవారం నీ డ్యూటీలో, ఆ ఇంజనీర్ అబ్బాయిని వెంటబెట్టుకుని అడ్మిన్ బ్లాక్ ప్యానెల్ దగ్గరికి వెళ్లు. మీ క్లాంప్ మీటర్ మీద ట్రూ ఆర్‌ఎంఎస్ అని రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే ఇలాంటి కరెంట్‌ను అది తప్పుగా చూపుతుంది. పొద్దున పదకొండింటికి ఒకసారి, ఆఫీసు ఖాళీ అయ్యాక ఒకసారి, మూడు ఫేజులూ న్యూట్రలూ కొలవండి. న్యూట్రల్ లగ్ రంగు మారిందేమో చూడు, చేత్తో ముట్టకు. ఆ ఎనిమిది అంకెలూ నాకు రాసి పంపు. మీటరు మోడల్ కూడా రాయడం మరవకు.